రాత్రి కేకేస్తే పలికేది ఎవరు?

(మాస్టారి వర్ధంతి సందర్భంగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జరిగిన సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



పోయిన నెల మాస్టారి పెద్దమ్మాయి నాకొక నోటుపుస్తకం పంపింది. పిల్లలు స్కూల్లో వాడే మామూలు లాంగ్ నోట్‌బుక్. అట్టకు పాత క్యాలెండరు కాగితం చుట్టి ఉంది. లోపల స్కేలు పెట్టి గీసిన గళ్లు. ఊళ్లో అరవై దాటిన ప్రతి మనిషికీ ఒక వరస. పేరు, ఇంటిపేరు, వయసు, పింఛను వస్తోందా లేదా, చూపు ఎలా ఉంది, నీళ్లు ఎంత దూరం నుంచి తెచ్చుకోవాలి. చిట్టచివరి గడికి మాస్టారు పెట్టిన తలకట్టు ఇది: "రాత్రి కేకేస్తే పలికేది". ఆ గడిలో కొన్నిచోట్ల "కోడలు" అని ఉంది. కొన్నిచోట్ల "ఎదురింటి కుర్రాడు, ఊళ్లో ఉంటే" అని ఉంది. చాలా వరసల్లో ఒక అడ్డగీత ఉంది, అంతే.

నేను రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ కలెక్టరుగా రిటైరైనవాణ్ని. ముప్ఫై ఏళ్లకు పైగా జాబితాలు తయారుచేశాను, చేయించాను. ఓటర్లు, రేషను కార్డులు, పంట నష్టం, తుపాను బాధితులు, ఇళ్లస్థలాలు, అన్నింటికీ ప్రొఫార్మాలు ఉండేవి. ఒక ముసలి మనిషి రాత్రిపూట కేకేస్తే ఎవరు పలుకుతారని అడిగే గడి ఒక్క ప్రొఫార్మాలోనూ నేను చూడలేదు. మన ప్రభుత్వాలు వృద్ధుల్ని ఎక్కడ వెతకాలో తెలియకుండా ఆశ్రమాలు పెడుతున్నాయని, పెట్టినచోటికి వాళ్లనే రమ్మంటున్నాయని ఈ ఒక్క గడి చూశాక నాకు స్పష్టంగా అర్థమైంది. ఈరోజు చెప్పదలుచుకున్నది అదే.

మాస్టారితో నా పరిచయం ఒక అర్జీతో మొదలైంది. కొడుకును కిడ్నీ జబ్బుకు పోగొట్టుకున్న ఒక ముసలమ్మ సంగతి చెప్పడానికి ఆయన నా ఆఫీసుకు వచ్చారు. ఉద్దానం అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస. వాటితోపాటు, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోయిన ఆ కిడ్నీ జబ్బు. బయటివాళ్లు ఈ జబ్బు గురించి విన్నప్పుడు చనిపోయినవాళ్ల గురించి ఆలోచిస్తారు. మాస్టారు మిగిలినవాళ్ల గురించి ఆలోచించారు. నలభై ఏళ్లకో, యాభై ఏళ్లకో కొడుకు పోతాడు. డెబ్భై ఏళ్ల తల్లి మిగులుతుంది. కోడలు పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. జీడి నూనె అంటి వేళ్లు నల్లబడిపోతాయి. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకోవాలా, మంచంలో ఉన్న అత్తగారిని చూసుకోవాలా? ఆ కోడలిని తప్పుపట్టే నోరు ఎవరికీ ఉండకూడదు.

మాస్టారు చెప్పిన ముసలమ్మకు కోడలు కూడా లేదు. ఇద్దరం కలిసి వెళ్లాం. పూరింటి అరుగు మీద, గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. నేను ఉత్సాహంగా చెప్పాను. విశాఖపట్నంలో ఒక ఆశ్రమం ఉంది, మాట్లాడాను, చేర్చుకుంటామన్నారు, మంచం, మూడు పూటలా తిండి, డాక్టరు, అంతా ఉచితం. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత నన్ను కాకుండా మాస్టారిని చూసి అడిగింది.

"అక్కడోళ్లకి నా మాట తెలుస్తాదా మాస్టారూ?"

"తెలుస్తుందిలే అప్పా. తెలుగే కదా" అన్నారాయన.

"నాను సచ్చిపోతే ఈ ఊరుకి తెస్తారా?"

మాస్టారు నా వైపు చూశారు. ఇక్కణ్నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైనే. శవాన్ని తేవడానికి బండికి ఎవరిస్తారు? ఆ ఆశ్రమం ఇస్తుందా? ఏ పద్దు కింద? నాకు సమాధానం తెలియలేదు. "అయితే నాను రాను బాబూ" అంది ఆవిడ. నేను ఆఫీసుకు వచ్చి ఫైలులో "వృద్ధురాలు ఆశ్రమానికి వెళ్లేందుకు నిరాకరించారు" అని రాశాను. అది అబద్ధం కాదు. అయినా నా సర్వీసులో నేను రాసిన వాక్యాల్లో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదొక్కటే. ఆవిడ ఆశ్రమాన్ని నిరాకరించలేదు. రెండు వందల కిలోమీటర్లను నిరాకరించింది.

తరవాత మాస్టారే ఆవిడను తన ఇంటికి తీసుకొచ్చుకున్నారు. వీధి గదిలో ఒక మంచం వేశారు. ఆ ఒక్క మంచం తరవాత ఇంకొకటి, ఆ తరవాత వసారాలో రెండు, ఎలా పెరిగాయో మీరంతా చూశారు. ఆయన దాన్ని ఎప్పుడూ ఆశ్రమం అనలేదు. "మా ఇంట్లో ఉంటున్నారు" అనేవారు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం అందుబాటులో ఉండే చోట్ల వృద్ధాశ్రమాలు ఏర్పాటు చేయవచ్చు. దశలవారీగా, ముందు జిల్లాకు కనీసం ఒకటి చొప్పున. ఒక్కోదానిలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండాలి. "చేయవచ్చు" అన్నది ఆ చట్టం. "చేయాలి" అనలేదు. ఆ "వచ్చు" అనే రెండక్షరాల్లోంచి రాష్ట్రాలకు రాష్ట్రాలు జారిపోయాయి. చట్టం వచ్చిన పదకొండేళ్లకు, 2018 డిసెంబరులో, మాజీ కేంద్ర మంత్రి అశ్వనీ కుమార్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలు ఉన్నాయో రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించమని కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. లెక్క కోసమే కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే మంచాల సంగతి మీరే ఊహించుకోండి.

పోనీ, చట్టం చెప్పినట్టే జిల్లాకు 150 మంచాలు వేశామనుకుందాం. 2011 జనాభా లెక్కల్లో అప్పటి శ్రీకాకుళం జిల్లా జనం 27 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవారు అప్పటికి 9.8 శాతం. ఆ సగటే మన జిల్లాకూ వేసుకుంటే రెండు లక్షల అరవై వేల పైచిలుకు. అంటే పదిహేడు వందల మందికి పైగా వృద్ధులకు ఒక్క మంచం. హైదరాబాదుకూ అదే 150, ములుగుకూ అదే 150. జిల్లాలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఒంటరి, ఎంత దూరం నుంచి రావాలి, ఇవేవీ ఆ లెక్కలోకి రావు.

జిల్లాలు మాత్రం పెరిగాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. కొత్త జిల్లా అనగానే కలెక్టరేటుకు భవనం ఎక్కడ, ఎస్పీ ఆఫీసు ఎక్కడ, డీఈవో ఎక్కడ కూర్చుంటారని రాత్రింబవళ్లు తలలు పట్టుకున్నాం. నా తోటి అధికారులు, నేను చూసిన ప్రతిపాదనల్లో 19వ సెక్షన్ ఊసు ఎక్కడా లేదు. మమ్మల్ని అడిగినవాళ్లూ లేరు.

మరి ఉన్న ఆశ్రమాలు ఎక్కడ ఉన్నాయి, అక్కడే ఎందుకున్నాయి? ఇది కొంచెం ఓపిగ్గా వినండి. అసమానత మొత్తం ఇక్కడే పుడుతోంది.

కేంద్ర ప్రభుత్వం 1992 నుంచి స్వచ్ఛంద సంస్థలకు వృద్ధాశ్రమాల కోసం గ్రాంటు ఇస్తోంది. పథకం పేరు మారుతూ వచ్చింది. ఇప్పుడది అటల్ వయో అభ్యుదయ యోజన కింద నడుస్తోంది. కనీసం పాతికమంది వృద్ధులకు ఆశ్రయం ఇస్తే నిర్వహణ ఖర్చు ఇస్తారు. మంచి పథకమే. ఎన్నో వేలమంది దానివల్ల ఇంత తిని పడుకుంటున్నారు, కాదనను. కానీ అది ఎలా నడుస్తుందో చూడండి. ముందు ఒక సంస్థ ఉండాలి. అది రిజిస్టరై కొన్నేళ్లు గడిచి ఉండాలి. ఆడిట్ చేసిన లెక్కలు ఉండాలి. దరఖాస్తును ఇంటర్నెట్‌లో పెట్టాలి. జిల్లా నుంచి తనిఖీ రిపోర్టు వెళ్లాలి. గ్రాంటు వచ్చేదాకా నెలల తరబడి కిరాణా కొట్టు అప్పు మోయగలిగిన శక్తి ఉండాలి. ఇవన్నీ ఎక్కడ ఉంటాయి? చార్టర్డ్ అకౌంటెంటు ఉన్న ఊళ్లో. చందాలిచ్చే వ్యాపారస్తులున్న ఊళ్లో. కాలేజీలు, రోటరీ క్లబ్బులు, విదేశాల నుంచి పుట్టినరోజు పేరిట అన్నదానానికి డబ్బు పంపే పిల్లలున్న ఊళ్లో. అందుకే సంస్థల సంప్రదాయం ఉన్న ప్రాంతాల్లో ఆశ్రమాలు ఒకదాని పక్కన ఒకటి వెలుస్తాయి. సీతంపేట కొండల్లో, నారాయణపేట తండాల్లో, మడకశిర పల్లెల్లో దరఖాస్తు పెట్టేవాడే ఉండడు. దరఖాస్తు లేకపోతే అవసరం లేదని అర్థం. ఢిల్లీలో కూర్చున్న ఫైలుకు అంతకంటే తెలిసే దారి లేదు.

అడిగినవాడికి పెట్టడం దానం. అడగలేనివాడు ఎక్కడున్నాడో వెళ్లి వెతకడం ప్రభుత్వం చేయాల్సిన పని. మనం ప్రభుత్వాన్ని దాత స్థానంలో కూర్చోబెట్టాం. ఆశ్రమం లేని జిల్లాలను విడిగా గుర్తించి అక్కడి నుంచి దరఖాస్తులు పిలవడం ఈమధ్య కేంద్రం మొదలుపెట్టింది. సంతోషమే. అయినా పిలిచేది మళ్లీ దరఖాస్తునే.

దీనికి ఎదురు ఉదాహరణ ఈ ఉద్దానంలోనే ఉంది. కిడ్నీ జబ్బు విషయంలో మనవాళ్లు ఏళ్ల తరబడి గొంతు చించుకున్నారు. డాక్టర్లు ఊరూరూ తిరిగి రక్తపరీక్షలు చేశారు. ఏ మండలంలో ఎంత ఉందో పటం మీదకి ఎక్కింది. పటం మీదకి ఎక్కాక 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి వచ్చాయి. డయాలసిస్ కోసం విశాఖపట్నం దాకా వెళ్లిన రోజులు మీకందరికీ గుర్తే. ఆ ఆస్పత్రి ఎవరో సంస్థ దరఖాస్తు పెడితే రాలేదు. అవసరం ఇక్కడుందని తేలితే వచ్చింది. వార్ధక్యానికి అలాంటి పటం ఎవరూ గీయలేదు. గీసింది నాకు తెలిసి ఈ నోటుపుస్తకం ఒక్కటే.

ఇక ట్రిబ్యునల్. ఆ చట్టం కింద ఆర్డీవో స్థాయిలో ట్రిబ్యునల్ ఉంటుంది. పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పది వేలకు మించకుండా మనోవర్తి ఇప్పించవచ్చు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఒక పెద్దాయన ఇద్దరు కొడుకుల మీద అర్జీ పెట్టాడు. పెద్దవాడు చెన్నైలో తాపీమేస్త్రి కింద కూలి. చిన్నవాడు అద్దె ఆటో తోలతాడు. వాయిదా రోజు పెద్దవాడు రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి వచ్చాడు. సిమెంటు మరకలున్న లుంగీ మీద ఉతికిన చొక్కా. నేను ప్రశ్నలడుగుతుంటే తండ్రి లేచి, "వద్దు బాబూ, కొట్టీండి. ఈడు రోజు కూలి పోగొట్టుకుని వచ్చినాడు" అన్నాడు. కేసు మూసేశాను. ఆ పెద్దాయన ఆ సాయంత్రం ఎవరింటికి వెళ్లాడో నేను కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది.

హైదరాబాదులో మేడ రాయించుకుని తల్లిని బయటికి నెట్టిన కొడుకు మీద ఆ చట్టం బాగా పనిచేస్తుంది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూడకపోతే ఆ బదలాయింపును రద్దు చేసే 23వ సెక్షన్ ఎందరి ప్రాణమో నిలబెట్టింది. ఆస్తి లేనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చట్టానికి చేతులాడవు. పిల్లలు లేని వృద్ధుల విషయంలో బంధువు అంటే ఎవరంటుంది చట్టం? ఆస్తి అనుభవిస్తున్నవాడు, లేదా రేపు వారసుడు కాబోయేవాడు. రెండు సెంట్ల పూరింటి ముసలమ్మకు ఈ లెక్కన బంధువే లేడు. కొడుకు కిడ్నీ పాడై పోయాక ట్రిబ్యునల్ నోటీసు ఎవరి పేర రాయాలి? మన ప్రాంతంలో సమస్య పిల్లలు చూడకపోవడం కాదు. చూడవలసిన పిల్లలు చనిపోయో, వలసపోయో, తామే పూటగడవకో ఉండటం. ఎచ్చెర్ల మండలం మత్స్యకారులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. అన్నాళ్లూ ఆ ఇళ్లలో ముసలివాళ్ల మందులు ఎవరు తెచ్చారో ఎవరైనా అడిగారా?

పాత రోజుల్లో ఈ నేలకు తన బీమా తనకు ఉండేది. పాతిక కొబ్బరి చెట్లున్న ముసలాయన ఎవరి దగ్గరా చెయ్యి చాచేవాడు కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ బీమాను నేలమట్టం చేసింది. ప్రభుత్వం చెట్టుకింతని పరిహారం ఇచ్చింది, మొక్కలూ ఇచ్చింది. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. డెబ్భై అయిదేళ్లవాడికి ఇచ్చిన మొక్క ఎవరి కోసం?

పింఛను ఉంది కదా అంటారు. ఉంది. 1995లో దేశవ్యాప్తంగా మొదలైనప్పుడు 75 రూపాయలు. ఈరోజు ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000, తెలంగాణలో 2019 నుంచి 2,016. కేంద్రం వాటా మాత్రం అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ల వారికి ఇప్పటికీ 200 దగ్గరే ఉంది. ఒకటో తారీఖున పింఛను చేతికందే క్షణాన ఆ ముసలి ముఖాల్లో వెలుగు నేను చూశాను. దాన్ని ఎవరు తక్కువచేసి మాట్లాడినా ఒప్పుకోను. కానీ నాలుగు వేలు మందులు కొంటుంది, బియ్యం కొంటుంది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పదు. పడక పుండు కడగదు. ఆ పనికి చేతులు కావాలి, మనిషి చేతులు.

ఆ చేతులు ఎక్కడున్నాయో నేను హైదరాబాదులో చూశాను. నాతో గ్రూప్ పరీక్షలు రాసిన స్నేహితుడు ఒకాయన, తెనాలి వైపు వాడు, ఇద్దరు పిల్లలూ అమెరికాలో. భార్య పోయాక నగరం శివార్లలో ఒక ఆశ్రమంలో చేరాడు. నెలకు ముప్ఫై వేల పైనే. శుభ్రంగా ఉంది, పచ్చగా ఉంది. గోడలకు పట్టుకుని నడవడానికి స్టీలు కడ్డీలు, మంచం పక్కన గంట. వాడికి పక్షవాతం. నేను వెళ్లినప్పుడు ఒక అమ్మాయి స్పూనుతో మెత్తటి అన్నం పెడుతోంది. ప్రతి ముద్దకూ ఆగి, గొంతు కదిలిందో లేదో చూసి, అప్పుడు ఇంకో ముద్ద పెడుతోంది. "ఇంకొక్కటి తాతా, ఇదొక్కటీ తినీండి" అంది. ఆ యాస వినగానే నా ప్రాణం లేచొచ్చింది. "ఏ ఊరమ్మా?" అన్నాను. మందస మండలం అంది. ఇంటి దగ్గర ఎవరున్నారంటే, "మామ్మొక్కతే ఉంది బాబూ. కళ్లు కనిపించవు. పక్కింటోళ్లకి ఫోన్ సేస్తే తీసికెళ్లి మాటాడిస్తారు" అంది. ఆ పిల్ల జీతంలో కొంత ఆ పక్కింటివాళ్లకే పంపుతుంది, మామ్మకు ఇంత గంజి కాచి పోసినందుకు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా స్నేహితుడి మీద నాకు కోపం లేదు, ఆ పిల్లలు తండ్రిని వదిలేశారనీ అనను. డబ్బుతో చేయగలిగింది చేశారు. కానీ రెండు వలసలు ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకున్నాయో చూడండి. కృష్ణా, గుంటూరు డెల్టా పిల్లలు అమెరికా వెళ్లారు. వాళ్ల తల్లిదండ్రుల్ని చూడడానికి శ్రీకాకుళం పిల్లలు హైదరాబాదు వెళ్లారు. శ్రీకాకుళం తల్లిదండ్రుల్ని చూడడానికి ఎవరూ రారు. ఆ వరస ఇక్కడితో ఆగిపోతుంది. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు, రాయచోటి, రాజంపేటల నుంచి కువైట్‌కు, కోనసీమ ఆడపిల్లలు అరబ్బు ఇళ్లలో ఆయా పనికి. పేద ప్రాంతాలు కూలిని మాత్రమే ఎగుమతి చేయడం లేదు, సేవను, ఆప్యాయతను కూడా ఎగుమతి చేస్తున్నాయి. ఏ ఆర్థిక సర్వేలో ఇది రాస్తారు?

ఈ మాట ఎత్తగానే సభల్లో ఒక అభ్యంతరం వస్తుంది. వృద్ధాశ్రమం మన సంస్కృతి కాదు, ఉమ్మడి కుటుంబం మన ఆస్తి, ఆశ్రమాలు పెడితే పిల్లల్ని బాధ్యత లేనివాళ్లను చేసినట్టే అని. ఈ మాట అన్నవాళ్లలో మంచంలో మలమూత్రాలు ఎత్తినవాళ్లు చాలా తక్కువ. ఎత్తినవాళ్లు ఆడవాళ్లు, వాళ్లను సభలో మాట్లాడమని ఎవరూ పిలవరు. సంస్కృతి గురించే మాట్లాడాలంటే, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాడిని నువ్వెవరి తండ్రివి అని అడగకుండా అన్నం పెట్టారు. ఆవిడ 1909లో పోయారు, మనం ఇంకా దణ్ణం పెడుతున్నాం. అది కూడా మన సంస్కృతే కదా. ఆశ్రమం అంటే అవమానం అని మనం నేర్పిన మాట పేదవాడి మీద రెండుసార్లు పడుతుంది. ఒకసారి ఆశ్రమం కట్టకుండా. రెండోసారి, దూరాన ఎక్కడో ఉన్నదానికి వెళ్లినవాణ్ని ఊరంతా చూసి జాలిపడేలా.

దేశం మొత్తం మీద కూడా ఇదే అసమానత. 2011లో మన దేశంలో అరవై దాటినవారు 10.38 కోట్లు, అందులో ఏడు కోట్ల మందికి పైగా పల్లెల్లో. 2021 నాటికి వేసిన అంచనాల్లో వారి వాటా కేరళలో 16.5 శాతం, తమిళనాడులో 13.6, ఆంధ్రప్రదేశ్‌లో 12.4, బీహార్‌లో 7.7. మన రాష్ట్రం 2031 నాటికి 16.4కు చేరుతుందని అంచనా. అంటే 2021లో కేరళ ఉన్నచోటికి మనం పదేళ్ల తరవాత వెళ్తాం. ఇది రాష్ట్రం సగటు. పనిచేసే వయసువాళ్లు వెళ్లిపోయిన పల్లెలో ఈ వాటా ఇంకా ఎక్కువని తెలుసుకోవడానికి లెక్కలు అక్కర్లేదు, సాయంత్రం రచ్చబండ దగ్గర నిలబడి చూస్తే చాలు.

కేరళ ఏం చేసింది? 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీ దగ్గర కొందరు డాక్టర్లు నొప్పి తగ్గించే చికిత్స కోసం ఒక చిన్న సొసైటీ పెట్టారు. అది ఊళ్లలోకి పాకింది. ఇరుగుపొరుగువాళ్లే శిక్షణ తీసుకుని మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విధానంగా తీసుకుంది; పంచాయతీ డబ్బుతో నర్సు ఇంటింటికీ వెళ్తుంది. అక్కడా లోపాలు ఉన్నాయి. కానీ ముసలితనం చూడాల్సింది పంచాయతీ అని వాళ్లు నిర్ణయించుకున్నారు. రోడ్డు, వీధి దీపం, నీళ్లు, వాటితోపాటు మంచం పట్టిన మనిషి. ఆ వరసలో చేర్చారు. నేను కోరేది అంతే.

నూట యాభై మందికి జిల్లా కేంద్రంలో ఒక పెద్ద భవనం కట్టమని నేను అడగను. ఉద్దానం మనిషికి అదీ దూరమే. మండలానికొకటి, పాతికమందికి మించకుండా. పొద్దున్న చోడి అంబలి దొరకాలి, పనసకాయ కూర వాసన రావాలి. పక్కమీద ఉన్న మనిషిని చూడడానికి తన ఊరివాళ్లు సంతకు వచ్చినప్పుడు అలా వచ్చిపోవాలి. పగలు వచ్చి అన్నం తిని సాయంత్రం ఇంటికి వెళ్లిపోయేవాళ్లకూ చోటుండాలి. పని చేసేది మందస అమ్మాయిలాంటి పిల్లలు. హైదరాబాదులో వాళ్లకొచ్చే జీతానికి దగ్గరగా ఇక్కడ ఇస్తే ఎందుకు రారు? ఆ అమ్మాయి నాతో అన్నమాట ఏమిటో తెలుసా? "మా ఊళ్లోనే ఈ పని ఉంటే మామ్మని కూడా సూసుకుందును కదా బాబూ."

ఇక ఆ నోటుపుస్తకం. మాస్టారి పిల్లలు ఒప్పుకుని దాన్ని జిరాక్సు తీయించారు. ఈ పంచాయతీలో డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు వచ్చే నెలలో పక్క మూడు పంచాయతీలకు అవే గళ్లతో ఇంటింటికీ వెళ్తామన్నారు. ఆ లెక్క చేతికొచ్చాక కలెక్టరుగారికి అర్జీ రాసిపెట్టే పని నాది. ఆ భాష నాకొచ్చు. 19వ సెక్షన్‌లో "అందుబాటులో ఉండే చోట" అన్న మాట కింద గీత గీసి మరీ రాస్తాను. కోర్టుకు వెళ్లాల్సివస్తే వెళ్దాం.

చోటు కూడా ఉంది. చెరువుగట్టు పక్కన, పిల్లలు తక్కువై వేరే బడిలో కలిపేసిన ప్రాథమిక పాఠశాల. మాస్టారు మొదట ఉద్యోగంలో చేరింది అందులోనే. నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. రెండు గదులు, వసారా. కప్పు గట్టిగానే ఉంది, ఒక మూల కారుతోంది. బోరు పనిచేస్తోంది. నల్లబల్ల కింద గోడకు పిల్లల ఎత్తులో ఉన్న చిలక్కొయ్యలు అలాగే ఉంచొచ్చు, కూర్చున్నవాళ్లకు అందుతాయి. గుమ్మానికి మూడు మెట్లున్నాయి, పక్కన వాలుగా దారి కట్టాలి. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటోంది. దాన్ని ముందు ఊడదీయించి బయటికి తెరుచుకునేలా బిగించాలి. ముసలివాళ్లు లోపల పడిపోతే తలుపుకే అడ్డం పడతారు, బయటినుంచి ఎంత తోసినా రాదు.